ఆ డేగ పేరు రాయొచ్చా?

ఎవరూ సరిచూడలేని చోట మనం ఎంత నిజం చెప్పాలి? ఈ ప్రశ్నకి తత్వవేత్తలు పెద్ద పెద్ద ఉదాహరణలు తీసుకుంటారు. మునిగిపోయే ఓడ, తలుపు తట్టే హంతకుడు, అలాంటివి. నాకు మాత్రం ఇది చాలా చిన్న రూపంలో ఎదురైంది. ముక్కు నుంచి తోక దాకా అడుగు పొడవు, బరువు రెండొందల నుంచి మూడొందల గ్రాములు. కనిపిస్తే నాలుగు సెకన్లు కనిపిస్తుంది.

దాని పేరు ఆస్ట్రేలియన్ హాబీ. పాత పుస్తకాల్లో లిటిల్ ఫాల్కన్ అని ఉంటుంది. శాస్త్రీయనామం ఫాల్కో లాంజిపెన్నిస్, అంటే పొడుగు రెక్కలది అని. తీరిక వేళల్లో చేసుకునే హాబీకీ ఈ హాబీకీ చుట్టరికం లేదు. ఆ మాట కొయ్యగుర్రం ఆట నుంచి వస్తే, ఈ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ఈ గందరగోళాన్ని వాడుకున్న మహానుభావుడు ఒకాయనున్నాడు. ఇంగ్లండ్‌లో పీటర్ అడాల్ఫ్ అని, పిట్టల పిచ్చి ఉన్న మనిషి. 1940ల్లో బల్ల మీద ఆడుకునే ఫుట్‌బాల్ ఆటొకటి తయారు చేసి ‘హాబీ’ అని ట్రేడ్‌మార్క్ అడిగాడు. ఇవ్వలేదు. యూరప్‌లో తిరిగే హాబీ శాస్త్రీయనామం ఫాల్కో సబ్బ్యూటియో కాబట్టి ఆటకి సబ్బ్యూటియో అని పెట్టేశాడు. ఆట ప్రపంచమంతా అమ్ముడుపోయింది.

మనకీ ఒకప్పుడు ఇలాంటి పేర్లు బాగానే ఉండేవి. డేగ, సాళువ, బైరి. డేగలతో వేటాడిన రోజుల్లో ఏది ఏదో తెలియకపోతే పని జరగదు కదా. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు కూడా ఆ వేట డేగ నుంచి వచ్చిందనే చెప్తారు. ఇప్పుడు మా ఊళ్ళో ఆకాశంలో వంకర ముక్కుతో ఎగిరేదంతా గద్దే. కోడిపిల్లల్ని కాపాడుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్, వెర్రిబీ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామందే ఉన్నాం. వెర్రిబీ దాటగానే పది వేల హెక్టార్ల పైచిలుకు జాగాలో వెస్టర్న్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ ఉంటుంది. నగరం మురుగునీటిలో సగం దాకా అక్కడికే వచ్చి శుభ్రపడుతుంది. 1890ల్లో కట్టారు. ఆ చెరువులు, గడ్డి మైదానాలు, సముద్రపు ఒడ్డు కలిసి ఆస్ట్రేలియాలో పిట్టలు చూసేవాళ్ళకి పుణ్యక్షేత్రం లాంటిదయింది. ముందుగా అనుమతి తీసుకుని వెళ్ళాలి. స్టాండప్ మీటింగులు, స్ప్రింట్లు, రాత్రి రెండింటికి మోగే అలారాల మధ్య బతికే నాలాంటివాడికి నగరం మురుగు మధ్య మనశ్శాంతి దొరకడం కాస్త వింతగానే ఉంటుంది, కానీ దొరుకుతుంది.

ఆస్ట్రేలియాలో ఫాల్కన్లు ఆరు రకాలు. గ్రే ఫాల్కన్ ఎడారి వైపు తిరిగే అరుదైన పిట్ట, మా వైపు దాని ఊసే అక్కర్లేదు. బ్లాక్ ఫాల్కన్ అప్పుడప్పుడూ వస్తుంది. రోజూ తేల్చుకోవాల్సింది మిగిలిన నాలుగింటి సంగతి. నాన్‌కీన్ కెస్ట్రెల్‌తో పేచీ తక్కువ. లేత ఇటుకరంగు వీపు, గాలికి ఎదురుగా ఒకేచోట రెక్కలాడిస్తూ వేలాడే అలవాటు, తోక చివర నల్లపట్టీ. చైనాలోని నాన్‌జింగ్ పేరు మీద పిలిచే పసుపుపచ్చ నూలుబట్ట రంగుని బట్టి దానికి ఆ పేరు. బ్రౌన్ ఫాల్కన్ తీరుబడి మనిషి. కంచె గుంజ మీద గంటలు గంటలు కూర్చుంటుంది, ఎగిరినా బద్ధకంగా ఎగురుతుంది. అసలు చిక్కు హాబీకీ పెరెగ్రిన్‌కీ మధ్యే. రెండింటికీ నల్లటి తల, రెండూ పిట్టల్ని గాల్లోనే పట్టేవి. పెరెగ్రిన్ ఛాతీ బలంగా, తోక పొట్టిగా ఉంటుంది, నల్లరంగు టోపీలా తలంతా కప్పేస్తుంది. హాబీ సన్నం. నుదుటి మీద లేతరంగు ఉంటుంది, మెడ పక్కన లేత పట్టీ సగం కాలరులా వెనక్కి తిరుగుతుంది, పొట్ట ఎర్రమట్టి రంగు. కూర్చుంటే రెక్కల కొసలు దాదాపు తోక చివరిదాకా వస్తాయి. గూడు కట్టుకోదు, కాకుల్లాంటివి వదిలేసిన పుల్లల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. పొద్దు గూకాక కూడా వేటాడుతుంది, వీధి దీపాల వెలుగులో పురుగుల్ని పట్టేస్తుంది.

పరిమాణం చూసి తేల్చొచ్చు కదా అంటారేమో. ఫాల్కన్లలో ఆడవి పెద్దవి. పెద్ద ఆడ హాబీ, చిన్న మగ పెరెగ్రిన్ కొలతల్లో బాగా దగ్గర పడతాయి. పక్కన పోల్చుకోడానికి ఏమీ లేని ఆకాశంలో చిన్నదో పెద్దదో చెప్పడం, ఎంత దూరంలో ఉందో తెలియకుండా ఎంత పొడుగుందో చెప్పడమే.

ఒక జూన్ నెల సాయంత్రం, అంటే ఇక్కడ నడి చలికాలం, అయిదింటికే వెలుగు పోతుంటే, స్టార్లింగుల గుంపు ఒకటి ఉన్నట్టుండి ముద్దగా బిగుసుకుంది. దాని మీదుగా ఏదో దూసుకుపోయింది. పొడుగు, సన్నపు, కొడవళ్ళలాంటి రెక్కలు. మాకు అటు తిరిగి పోతోంది. చెట్ల వరస వెనక మాయమైపోయింది. నాతో ఉన్నది విజయవాడాయన, నాకంటే ఏడేళ్ళు పెద్ద, నాకీ వ్యసనం అంటించింది ఆయనే.

“హాబీ రా. రాసెయ్.”

“తల చూశావా అన్నా?”

“తలెందుకు? ఆ రెక్కలు చూస్తే తెలవట్లా?”

ఈబర్డ్ అని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ డేటాబేస్ ఒకటుంది, 2002 నుంచి నడుస్తోంది. ప్రపంచమంతటా మాలాంటివాళ్ళు చూసిన పిట్టల్ని అందులో రాస్తారు. అందులో జాతి పేరు తేల్చలేనప్పుడు రాసుకునే గడి కూడా ఉంది, ‘ఫాల్కన్ ఎస్‌పీ.’ అని. ఏదో ఒక ఫాల్కన్, అంతవరకే చెప్పగలను అని అర్థం. నేను అది రాశాను. అలా రాసింది మన జాతుల లెక్కలో కలవదు. ఆ జాతి మ్యాపులో చుక్కగా కూడా కనపడదు. అన్నకి ఒళ్ళు మండింది. “నూటికి తొంభై పాళ్ళు అది హాబీయే అని నీకూ తెలుసు. తెలిసి కూడా రాయకపోవడం నిజాయితీ ఎట్లా అవుద్ది?” అన్నాడు.

ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. ఈ వ్యాసం దాని గురించే.

మొదట తోచే జవాబు క్లిఫర్డ్‌ది. విలియం క్లిఫర్డ్ లెక్కల ప్రొఫెసరు. 1877లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని. ఓడ పాతబడింది, మరమ్మతు కావాలి. ఇన్నాళ్ళూ మునగలేదు కదా, ఇప్పుడూ మునగదులే అని తనకి తాను నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపిస్తాడు. ఓడ మునిగితే అతను దోషి, సరే. ఓడ క్షేమంగా చేరినా అంతే దోషి అంటాడు క్లిఫర్డ్. నమ్మకం నిజమైందా లేదా అన్నది కాదు, దాన్ని నమ్మే హక్కు అతనికి ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఈ లెక్కన ఆ పిట్ట నిజంగా హాబీయే అయినా, తల చూడకుండా రాస్తే తప్పే.

కానీ క్లిఫర్డ్ చెప్పే కారణం నాకు పూర్తిగా ఎక్కదు. చిన్న విషయాల్లో అలుసిస్తే మనసుకి అదే అలవాటై పోతుంది, సమాజమే గుడ్డినమ్మకాల్లో పడుతుంది అంటాడు. ఇది చిన్నప్పుడు మా మాస్టారు పెన్సిలు దొంగ గురించి చెప్పిన కథలా ఉంటుంది. హాబీ అరుదైన పిట్ట కాదు, ఖండమంతా ఉంది. ఒకటి ఎక్కువ రాస్తే కూలిపోయే సమాజం కాదు మనది. ఇంకేదైనా మంచి కారణం ఉండాలి.

అది దొరకాలంటే తుపాకుల కాలానికి వెళ్ళాలి.

పిట్టని గుర్తుపట్టడమంటే ఒకప్పుడు దాన్ని కాల్చడమే. 1840ల్లో ఆస్ట్రేలియా పక్షుల మీద ఏడు సంపుటాలు వేసిన జాన్ గౌల్డ్ అయినా, ఆయన కోసం అడవులు పట్టి తిరిగిన జాన్ గిల్బర్ట్ అయినా పనిచేసింది చచ్చిన పిట్టలతోనే. మన సలీం అలీ కథ మొదలైంది కూడా ఎయిర్‌గన్‌తో కొట్టిన పచ్చగొంతు పిచుకతోనే. తగిలింది చరిత్ర, తప్పింది మిస్టరీ అని అప్పటి సేకర్తల మధ్య ఒక నానుడి. బీరువాలో చర్మం ఉంటే వందేళ్ళ తర్వాత ఎవరైనా తీసి రెక్క కొలుచుకోవచ్చు. చూసినవాడి గుణగణాలతో పని లేదు.

1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ జేబులో పట్టే పుస్తకం తెచ్చాడు. బొమ్మల మీద చిన్న చిన్న గీతలతో, ఇదిగో ఇక్కడ చూడు, ఇదే తేడా అని చూపించాడు. బైనాక్యులర్స్‌తో దూరం నుంచే తేల్చుకోవచ్చని మామూలు జనానికి నేర్పింది ఆ పుస్తకం. దాన్ని పక్షులకి దక్కిన విముక్తిగా చెప్తారు, నిజమే. కానీ అప్పుడే ఇంకోటి కూడా జరిగింది. సాక్ష్యం పిట్ట ఒంటి నుంచి మనిషి నోటికి మారింది. పిట్ట ఎగిరిపోయాక మిగిలేది చూసినవాడి మాటే. దాన్ని చంపకుండా వదిలేసినప్పుడే ఆ మాట బరువు మన మీద పడింది.

ఇక్కడ నాకు మన తర్కశాస్త్రం క్లిఫర్డ్ కంటే బాగా పనికొచ్చింది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే అంటారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళం ఎవరం దాని మొహం చూడలేదు గానీ చిన్న పుస్తకం, ఓ వారంలో చదివేయొచ్చు. అందులో అనుభవాన్ని యథార్థం, అయథార్థం అని విడగొడతాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం యథార్థం. అయథార్థంలో భ్రమ ఉంటుంది, ముత్యపుచిప్పని చూసి వెండి అనుకోవడం. దాని పక్కనే సంశయాన్నీ కూర్చోబెడతాడు. చీకట్లో నిలబడ్డది మోడా, మనిషా అన్న ఊగులాట. మొదటిసారి చదివినప్పుడు నాకిది అన్యాయం అనిపించింది. పొరబడ్డవాడినీ, తేల్చుకోలేక ఆగినవాడినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఎలా? నేను రాసిన ‘ఎస్‌పీ.’ కూడా అయథార్థమేనా?

అదే పుస్తకంలో కాస్త ముందుకెళ్తే శబ్దప్రమాణం వస్తుంది. మన కళ్ళతో చూడనివి నమ్మదగ్గవాడి మాట వల్ల తెలుసుకుంటాం. ఆ నమ్మదగ్గవాడు ఆప్తుడు. ఆప్తుడంటే అన్నీ తెలిసినవాడు కాదు, యథార్థం చెప్పేవాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ముడి వీడింది. ఆ సాయంత్రం పిట్ట నాకు ప్రత్యక్షం. డేటాబేస్‌లోకి ఎక్కాక, మెల్‌బోర్న్‌లోనో కార్నెల్‌లోనో దాన్ని చదివేవాళ్ళకి అది శబ్దం. నా చూపులో సంశయం ఉండొచ్చు, అది జ్ఞానం కాకపోవచ్చు. కానీ “నాకు ఇక్కడిదాకా కనిపించింది, ఇక్కడ సంశయం వచ్చింది” అన్న నా మాట మాత్రం అక్షరాలా యథార్థం. సగం చూపుని పూర్తి మాటగా మార్చి చెప్తేనే చిక్కు.

అన్న చెప్పేది ఉత్త ఊహ అని కూడా అనను. పిట్టలు చూసేవాళ్ళు ‘జిజ్’ అని ఒక మాట వాడతారు. వీధి చివర నడక చూసి మొహం కనపడకముందే పెదనాన్నని గుర్తుపట్టేస్తామే, అలాంటిది. ఇరవయ్యేళ్ళు చూసిన కంటికి అది వస్తుంది, చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. మొత్తమ్మీద ఆయనకి తెలిసే ఉండొచ్చు. కాకపోతే ఆ తెలివిని నాకు చేతికివ్వలేడు. పొడుగు రెక్కలు, సగం కాలరు అంటే నేను తిరిగి సరిచూసుకోగలను. “తెలవట్లా?” అంటే ఏం సరిచూసుకోను?

శవం ఉంటే ఈ గొడవే ఉండదు కదా అనిపిస్తుంది. అదీ నిజం కాదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ చుట్టుపక్కల, పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి 1930 ప్రాంతం దాకా, ఆ దేశంలో ఎన్నడూ చూడని అరుదైన పిట్టలు పుంఖానుపుంఖాలుగా దొరికాయి. చాలావరకు చచ్చిన పిట్టలే, సాక్షాత్తూ చేతిలో పట్టుకు చూసుకున్నవే. 1962లో బ్రిటిష్ బర్డ్స్ పత్రిక ఆ రికార్డుల్ని తిరగతోడింది. అందులో గణాంకాల పని చేసింది జాన్ నెల్డర్. మన ఫీల్డు వాళ్ళకి నెల్డర్-మీడ్ ఆల్గరిదం పేరుతో తెలిసిన నెల్డరే! హేస్టింగ్స్ లెక్కల్ని పక్క ప్రాంతాలతో, తర్వాతి కాలంతో పోల్చి, మామూలుగా అయితే ఇన్ని అరుదైనవి ఇక్కడే పడవని చూపించాడు. వందల రికార్డులు కొట్టేశారు, దాదాపు 30 రకాల పక్షులు బ్రిటన్ జాబితా నుంచి పోయాయి. శవం అబద్ధమాడలేదు. దాని కాలికి కట్టిన చీటీ ఆడింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అన్న చీటీ.

ఆ కథకి తోక కూడా ఉంది. అలా పోయిన పక్షుల్లో చాలావాటిని తర్వాతి ఏళ్ళలో బ్రిటన్‌లోనే నమ్మకంగా చూశారు, మళ్ళీ జాబితాలోకి ఎక్కాయి. అంటే ‘ఈ పిట్ట బ్రిటన్‌కి వస్తుంది’ అన్న వాక్యం మొదట్నుంచీ నిజమే అయ్యుండొచ్చు. అయినా ఆ రికార్డులు పనికిరావు. అన్న అడిగిన తొంభై పాళ్ళకి నా జవాబు ఇక్కడ దొరికింది. అది హాబీయే కావచ్చు. హాబీయే అయినంత మాత్రాన నేను చూసింది హాబీని అయిపోదు.

ఇంతటితో నేనే గెలిచానని ఆపేస్తే బాగుండేది. కానీ ఈ వాదానికి అవతలి పక్క ఉంది, అది బలమైనది కూడా.

మాలాంటి జాగ్రత్తపరులే అందరూ అనుకోండి. కంచె మీద గంటసేపు కూర్చునే బ్రౌన్ ఫాల్కన్‌ని ప్రతిసారీ పేరుతో రాస్తాం. మెరుపులా పోయే హాబీని సగంసార్లు ‘ఎస్‌పీ.’ అంటాం. పదేళ్ళకి మ్యాపు తీసి చూస్తే హాబీ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మా నిజాయితీకి ఖరీదు ఆ పిట్ట కట్టిందన్నమాట. ప్రెసిషన్ పెంచుకుంటూ పోతే రీకాల్ పడిపోతుందని మోడళ్ళతో కుస్తీ పట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు. తప్పు చెప్పకూడదని పట్టుబడితే ఉన్నవాటిలో చాలావాటిని చెప్పకుండా వదిలేస్తాం. పైగా ఈ జాగ్రత్తలో స్వార్థం లేదని చెప్పలేను. ‘ఎస్‌పీ.’ అని రాసినవాడిని తప్పు పట్టేవాడు ఉండడు. వినయంలా కనిపించే భద్రత అది. తెలుగులో పుస్తక సమీక్షలు ఈ బాపతువి ఎన్ని చదవలేదు మనం! రచయిత ఏం చేశాడో చెప్పకుండా ‘తప్పక చదవాల్సిన భిన్నమైన ప్రయత్నం’ అని వదిలేసేవి. అది సాహిత్యంలో ‘ఎస్‌పీ.’ దానికి సరిగ్గా ఎదురు, రెక్క కొస ఒకటి చూసి ‘మ్యాజిక్ రియలిజం’ అని పేరు రాసేసే విమర్శ. రెండోది చిరాకు తెప్పిస్తుంది, మొదటిది నిద్ర తెప్పిస్తుంది.

మా పేటలో నాయిజీ మైనర్ అనే పిట్టలుంటాయి, గుంపుగా బతికే రౌడీలు. గాల్లో ఫాల్కన్ లాంటిది కనిపిస్తే వాటికి ప్రత్యేకమైన కేక ఒకటుంది. ఆ కేక వినగానే చెట్టంతా నిశ్శబ్దమైపోతుంది. వాటికి జాతి పేరు అక్కర్లేదు, ఆలస్యం పనికిరాదు. పావురాన్ని చూసి అరిస్తే పోయేది కాసేపటి తిండి. హాబీని చూసి అరవకపోతే పోయేది ప్రాణం. వాటికి తొందరపాటే వివేకం. ఎంత సాక్ష్యం చాలు అన్నది తప్పయితే ఎవరికేం పోతుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇదొక్కటి క్లిఫర్డ్ సరిగ్గా పట్టించుకోలేదు.

అదే వెర్రిబీలో ఆరెంజ్-బెల్లీడ్ పారెట్ కోసం చలికాలమంతా వెతుకుతారు. టాస్మేనియా నైరుతి మూల నుంచి సముద్రం దాటి వస్తుంది, అంతరించిపోయే అంచున ఉన్న చిలక. అదే గడ్డిలో బ్లూ-వింగ్డ్ పారెట్ అనే దాని దగ్గరి చుట్టం కూడా మేస్తుంటుంది, చూడ్డానికి దాదాపు ఒకేలా. అక్కడ ఉత్తినే ‘హా, అదే’ అని పేరు రాస్తే, దాన్ని నమ్మి వెతికేవాళ్ళు వేరే చోట వెతకాల్సిన రోజులు ఇక్కడ పోగొట్టుకుంటారు. ఏమో లే అని అసలు రాయకపోతే నిజంగా వచ్చిన చిలక లెక్కలో లేకుండా పోతుంది. రెండు వైపులా నష్టమే. రెండింటికీ విరుగుడు ఒకటే కనిపిస్తోంది నాకు. పేరు గడి పక్కన వ్యాఖ్య రాసే చోటుంటుంది, ఎవరూ పెద్దగా వాడని గడి. ఎంత వెలుగుంది, ఎటు నుంచి చూశాను, ఏది కనిపించింది, ఏది కనిపించలేదు, అవన్నీ అక్కడ రాసెయ్యడం. అప్పుడు సంశయం కూడా ఊరికే ఊగులాట కాదు, కొలతలున్న సంశయం. చదివేవాడు తన అవసరాన్ని బట్టి తేల్చుకుంటాడు. అన్న పేరు రాసినా, నేను రాయకపోయినా, ఆ నాలుగు వాక్యాలు ఉంటే ఇద్దరం ఒకటే చెప్పినట్టు.

కెమెరా ఉంటే సరిపోయేదిగా అంటారు స్నేహితులు. ఫొటో పడితే నిజమే, సాక్ష్యం మళ్ళీ పిట్ట ఒంటికి మారుతుంది, ప్రాణం తీయకుండానే. కానీ ఆ వెలుగులో, ఆ వేగంలో ఫొటోలో పడేది చాలాసార్లు బూడిదరంగు మరక. దాన్ని యాప్‌కి చూపిస్తే యాప్ ఏదో పేరు చెప్తుంది. ఆ పేరుని నేను నా పేరు కింద పెడితే ఆప్తుడెవరు? నేనా, యాపా?

ఈబర్డ్‌లో కలిసి వెళ్ళినవాళ్ళు ఒకే జాబితాని పంచుకోవచ్చు, ఎవరి కాపీ వాళ్ళు దిద్దుకోవచ్చు. ఆ జూన్ సాయంత్రానికి అన్న కాపీలో ఆస్ట్రేలియన్ హాబీ ఒకటి, నా కాపీలో ఫాల్కన్ ఎస్‌పీ. ఒకటి. నేను పట్టుబట్టాక ఆయన కింద వ్యాఖ్య చేర్చాడు: పొడుగు సన్న రెక్కలు, వెనక నుంచి, తల కనపడలేదు, స్టార్లింగుల మీద దాడి. నేనూ ఇంచుమించు అదే రాశాను, చివర్లో ‘హాబీ కావచ్చు’ అని కలిపాను. కలపమని పట్టుబట్టింది ఆయన.